నాలుగో తల్లి

మిమ్,
ఫిబ్రవరి 20, మంగళవారం

చెల్లెలు బిరాగోకి,

ఒక్కొక్కరినీ వరసగా అడుగుతాను, వరసగానే జవాబు రాయి. కిందటిసారిలా ‘అందరం బాగున్నాం’ అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకు. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మెట్లు ఎక్కొద్దన్నాను, ఎక్కుతూనే ఉంటావు, నాకు తెలుసు. నీ కొడుకు ఓపోకు దగ్గు తగ్గిందా? లారీ పొగలో తిరిగేవాడికి తగ్గడమేమిటిలే. కోడలు సరిగ్గా తింటోందా? మనవరాలు సెర్వాకి పన్ను కదులుతోందన్నావు, ఊడిందా? ఊడితే నిద్రలో మింగేస్తుందేమో చూసుకోండి. పక్కింటి ముసలి ఫాటి బతికే ఉందా?

నేను ఉన్నాను. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో ఎప్పుడూ వాన కురుస్తున్నట్టే ఉంటుంది. అందుకే ఫోన్ చెయ్యొద్దంటాను. నువ్వు అరుస్తావు, నేను వేరే ఏదో అనుకుంటాను, చివరికి ఇద్దరం ఏడుస్తాం. మూడో తరగతి చదువే అయినా ఉత్తరం రాస్తే నా మాట నాకు వినిపిస్తుంది. దుమ్ముగాలికి కోకో ఆకులు మాడిపోతున్నాయి. రెండు కోళ్ళు పోయాయి. పాము ఎత్తుకెళ్ళిందో, మనుషులో.

ఇంక అసలు సంగతి. నిన్న కుమాసికి బండి నడిపే డ్రైవర్ పెళ్ళాం వచ్చి నా చెవిలో నోరు పెట్టి అరిచింది.

“పెద్దమ్మా! మీ చెల్లెలు రాజభవనంలో నిలబడుతుందటగా! మీ తాత బంగారు బిళ్ళ సముద్రం దాటి తిరిగొస్తోందటగా!”

“ఏ తాత?” అన్నాను.

“ఏ తాతంటావేంటి? రాజుగారి ఆత్మని శుద్ధి చేసే కొలువులో ఉండేవాడట, రొమ్ము మీద బిళ్ళ వేలాడేదట, నూట యాభై ఏళ్ళ కిందట ఇంగ్లీషు సిపాయిలు దోచుకుపోయారట. కుమాసి అంతా అదే మాట. నీకు తెలీదా?”

నాకు తెలీదా అని అడిగింది, బిరాగో. తాత యావ్ జామెరా కథ అమ్మమ్మ నోట నేను ఎన్ని వందలసార్లు విన్నానో. డ్రైవర్ పెళ్ళాం నాకు చెబుతోంది!

నాకు అసూయ లేదు. నీ గురించి భయం, అంతే. అక్కడ ఎండలో నిలబెడతారు, నీకు రక్తపోటు. కెమెరాల వెలుగు కళ్ళల్లో కొడతారు. గుంపులో నీ చెవికమ్మలు లాక్కుపోతారు. అందుకే అడుగుతున్నాను: ఇంటికి పెద్దది ఎవరని వాళ్ళు అడిగారా? అడిగితే నువ్వేం చెప్పావు?

అక్క సపొమా


కుమాసి, బంతామ
మార్చి 2

అక్కా,

వరసగానే రాస్తున్నాను, తీసుకో. మోకాళ్ళు నావే, నొప్పీ నాదే. ఓపోకు దగ్గుతున్నాడు. కోడలు ఇద్దరి తిండి తింటోంది. సెర్వా పన్ను ఊడింది, మింగలేదు, ఇంటికప్పు మీదికి విసిరాం. ఫాటి నిన్ను పాతిపెట్టాకే పోతుంది.

నీకు ముందే రాద్దామనుకున్నాను. కోకో పనుల్లో ఉన్నావు, ఎందుకు కంగారు పెట్టడం అని ఆగాను. కంగారుపడటం నీకు మూడు పూటల తిండితో సమానం కదా.

రాజభవనం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, రాజు మాటని నలుగురికీ వినిపించేవాడు, బంగారు తలకట్టున్న కర్రతో. జిన్ సీసా తెచ్చి, పోయిన పెద్దలకని నేల మీద నాలుగు చుక్కలు పోశాడు. “ఈ ఇంట్లో ఆడపెద్ద ఎవరు?” అన్నాడు. నేనే అన్నాను. ఇంట్లో ఉన్నదాన్ని నేనే కదా! నువ్వు మొగుడి కోకో తోటలకోసం వెళ్ళి నలభై ఆరేళ్ళు. ఆయన పోయి పదేళ్ళయినా ఆ చెట్లని పట్టుకునే ఉన్నావు.

బిళ్ళ నిజంగానే వస్తోంది. ఇంగ్లీషువాళ్ళు ఇచ్చేశారని అనుకోకు, మూడేళ్ళకి అప్పిస్తున్నారు. మన తాత రొమ్ము మీది సొమ్ము మనకే అప్పు! ఎత్తుకెళ్ళిన కోడిని మూడేళ్ళు మేపుకోమని ఇచ్చినట్టుంది. ఏదైతేనేం, మే నెల పన్నెండున, రాజు కొలువుతీరే అక్వాసిడే ఆదివారం నాడు, జనం ముందు పెడతారు. ఆ రోజు ఇంటి ఆడపెద్ద బిళ్ళ ఎదుట కూచుని తల్లుల పేర్లు వరసగా చెప్పాలి. జామెరా తాత అమ్మమ్మ దగ్గర మొదలుపెట్టి మన అమ్మ దాకా. ఏడుగురు. ముందుగా మార్చి ముప్పై ఒకటిన పెద్దల ముందు చెప్పి చూపించాలి.

ఇక్కడే నాకు సిగ్గుగా ఉంది. నాకు మొదటి ఇద్దరు, చివరి ఇద్దరు తప్ప తెలీదు. నువ్వు అమ్మమ్మ పొయ్యి పక్కన పడుకునేదానివి. నేను వీధిలో చప్పట్లు కొట్టి ఎగిరే ఆటలో ఉండేదాన్ని. నేను అటు వస్తే అమ్మమ్మ “వెళ్ళి ఆడుకో పో” అనేది. నిన్ను మాత్రం “ఇలా రా, గిన్నె పట్టుకో” అనేది. గిన్నె పట్టుకోవడం పనేనని అనుకున్నాను అప్పుడు.

పేర్లు రాసి పంపు. ఆలస్యం చెయ్యకు.

బిరాగో


మిమ్,
మార్చి 10

బిరాగోకి,

చిన్నదాని పన్ను ఊడినందుకు సంతోషం. వచ్చే పన్ను వంకరగా వస్తుందేమో, చూస్తూ ఉండండి.

ఆడపెద్దని నేనే అన్నావు. సరే. అనేశావు. నాలుక మీద నుంచి జారిన మాటని ఏ బండీ వెనక్కి తేదు. నాకు కోపం లేదు. చెవిటి ముసలిది జనం మధ్య ఏం చేస్తుంది? నాకు నేనే చెప్పుకున్నాను, సపొమా, నీకు చేను చాలు అని. నిన్న గురువారం కాదు కదా, చేలోకి వెళ్ళకూడని రోజు కాదు కదా, అయినా వెళ్ళబుద్ధి కాలేదు. ఇంట్లోనే కూచున్నాను.

ఏ బట్ట కట్టుకుంటావు? అమ్మమ్మ ఎర్ర కెంటె బట్ట నీ పెట్టెలోనే ఉంది, అదే కట్టుకుంటావులే. అమ్మమ్మ పీట మీద కూచుంటున్నావా? కూచుంటే లేచినప్పుడల్లా పక్కకి వాల్చు. నిలబెట్టి వదిలేస్తే దారిన పోయే ఏ ఆత్మో వచ్చి కూచుంటుంది. నువ్వు మరిచిపోతావు, నీకు అన్నీ తొందరే. పీట నీకొచ్చింది. బట్ట నీకొచ్చింది. ఇల్లు నీకొచ్చింది. అమ్మమ్మ ముక్కు కూడా నీకే వచ్చింది, నాకు నాన్న ముక్కు. నేను ఏమైనా అన్నానా?

పేర్లు రాస్తున్నాను. బ్రెఫి. ఆమె కూతురు అజేయివా, జామెరా తాత తల్లి. ఆమె కూతురు టివా, జామెరా తాత చెల్లెలు. తర్వాత డుఫియే. ఆమె కూతురు ఫొరివా, మన అమ్మమ్మ. ఆమె కూతురు టచివా, మన అమ్మ. ఇంతే. ఏడుగురు అని నీకెవరు చెప్పారో తెలీదు. వేళ్ళ మీద లెక్కపెట్టాను, ఆరుగురే.

ఎండలో గొడుగు పట్టమను ఎవరినైనా. నీరు తాగు.

సపొమా


బంతామ
ఏప్రిల్ 2

సపొమా,

నీకు అక్కా అని రాయబుద్ధి కావడం లేదు. రాయను.

ఆదివారం వెళ్ళాను. తల దువ్వుకుని, తెల్లసుద్ద రాసుకుని, అమ్మమ్మ ఎర్ర బట్ట కట్టుకుని వెళ్ళాను. అవును, అదే కట్టుకున్నాను. కర్ర పట్టుకున్న పెద్దాయన చాప మీద కూచుని ఉన్నాడు. కుడి చేతిలో ఆ బిళ్ళ ఇంటి తల్లుల లెక్కకి ఏడు నదిరాళ్ళు ఉన్నాయి. నేను ఒక పేరు చెప్పినప్పుడల్లా ఒక రాయి ముందు పెడుతున్నాడు. నేను గడగడా చెప్పేశాను, టచివా అని ఆగాను. అతను చెయ్యి చూపించాడు. ఒక రాయి అరచేతిలో మిగిలే ఉంది.

“అమ్మా, ఇది ఎవరిది?” అన్నాడు.

“అయ్యా, మాకు ఆరుగురే.”

“టివాకీ డుఫియేకీ మధ్య ఏమీ లేదా?”

“లేదయ్యా.”

“బాగా గుర్తు చేసుకో.”

“ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా అంతే.”

నా తర్వాత తఫో వైపు నుంచి వచ్చిన ఒకావిడ లేచింది. పేరు న్యార్కో అట. బిళ్ళ తమ ఇంటి తాతదే అంటోంది. ఏడు పేర్లు ఊపిరి తీసుకోకుండా చెప్పేసి, నా వైపు చూసి ఇకిలించింది. “పాపం, ఈవిడ ఒక తల్లిని దారిలో పారేసుకుంది,” అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చెయ్యను మరి?

పెద్దాయన మాత్రం నవ్వలేదు. నాకు పన్నెండు రోజులు గడువిచ్చాడు. తర్వాత ఆ బిళ్ళ ఏ ఇంటిదో పుస్తకంలో రాసేస్తారు. ఒకసారి రాస్తే మన పిల్లల పిల్లలకి కూడా అదే నిజం. న్యార్కో మనవరాళ్ళు వచ్చి “ఇది మా తాతది” అని చూపిస్తారు. మన సెర్వా టికెట్ కొనుక్కుని చూడాలి.

నువ్వు మరిచిపోయావా, దాచావా? నిజం చెప్పు. పదేళ్ళ కిందటి వేపుడులో ఉప్పెంతో గుర్తుంచుకునే మనిషివి నువ్వు! ఆ దొరలు మన బిళ్ళని అద్దాల పెట్టెలో పెట్టుకున్నట్టు, నువ్వు మన తల్లిని నీ పెట్టె అడుగున పెట్టుకున్నావు. వాళ్ళు కనీసం మూడేళ్ళకి అప్పిస్తున్నారు!

బిరాగో


మిమ్,
ఏప్రిల్ 6

బిరాగో,

నీ ఉత్తరం డ్రైవర్ చేతే పంపావు, దాని జవాబూ అతని చేతే పంపుతున్నాను. పోస్టులో వేస్తే గడువు దాటిపోతుంది. అతను రోజూ తాగుతాడు, ఉత్తరం పారేస్తాడేమోనని చొక్కా లోపలి జేబుకి పిన్నీసు పెట్టించాను.

తెరవగానే మొదటి మాట చూశాను. సపొమా అని ఉంది. ఆ తర్వాత చాలాసేపు చదవలేదు.

దాచాను. మరిచిపోలేదు.

రాయకూడనిది కాబట్టే రాయలేదని నీకు చెబుదామనుకున్నాను. మాట సిద్ధం చేసి పెట్టుకున్నాను కూడా. అది అబద్ధం. రాయకూడనిది పేరు ఒక్కటే. అక్కడ ఏం చెయ్యాలో రాయొచ్చు.

విను. అమ్మమ్మ పొయ్యి దగ్గర పామ్ కాయలు దంచుతూ పేర్లు చెప్పేది. టివా దాకా వచ్చి ఆగిపోయేది. రోకలి పక్కన పెట్టేది. కుడి అరచెయ్యి నేల మీద పూర్తిగా ఆనించి, ఒక ఊపిరి తీసి వదిలేది. తర్వాత డుఫియే అనేది. నాకు ఆరేళ్ళు ఉంటాయేమో అప్పుడు.

“అమ్మమ్మా, అక్కడ ఏముంది?” అన్నాను.

“అమ్మ ఉంది.”

“పేరు లేదా?”

“ఉంది. నాకు తెలుసు. మా అమ్మకీ తెలుసు. ఎవరం చెప్పం.”

“ఎందుకు?”

“ఆవిడ వేరే చోటినుంచి వచ్చింది. ఈ ఇంటికి తల్లి అయింది. ఒకరి పుట్టుకని ఇంకొకరు బయటపెట్టకూడదు. అది మన రాజ్యంలో అన్నిటికన్నా పాత కట్టడి. పేరు చెబితే ఎక్కడిదో తెలిసిపోతుంది. కాబట్టి చెప్పం. కానీ లెక్కలోంచి తీసెయ్యం. చెయ్యి పెట్టి, నువ్వు ఉన్నావమ్మా అంటాం.”

ఇంగ్లీషు సిపాయిలు కుమాసిని కాల్చిన ఏడాది, టివా కూతుళ్ళు ఇద్దరూ పోయారు. ఇల్లు ఆడపిల్ల లేకుండా ఆగిపోయేది. ఆవిడ వచ్చింది కాబట్టి డుఫియే ఉంది, అమ్మమ్మ ఉంది, నువ్వూ నేనూ ఉన్నాం. అంతకన్నా రాయను.

ఇది నీకెందుకు రాయలేదంటావా? అమ్మమ్మ నాకిచ్చింది ఇదొక్కటే, బిరాగో. నాకు అసూయ లేదని రాశాను. ఉంది. నీ పీట మీద, నీ బట్ట మీద, నీ ముక్కు మీద, నీకు ఆ కర్ర పెద్దాయన జిన్ సీసా తెచ్చినందుకు. నేను బయలుదేరేటప్పుడు అమ్మ నీ చెయ్యి పట్టుకుని ఏడ్చింది, నాకు నిమ్మకాయలు మూటకట్టి ఇచ్చింది. నిమ్మకాయలు! నేలకి ఆనించే ఆ చెయ్యి కూడా నీకిచ్చేస్తే నా దగ్గర ఏం మిగులుతుంది? తెల్లవారుజామున పొయ్యి ముందు కూచుని నేలకి చెయ్యి ఆనిస్తాను. నాకు వేరే ప్రార్థన రాదు.

న్యార్కో నిన్ను చూసి ఇకిలిస్తుందా? నిన్ను తిట్టాలంటే నేను తిట్టాలి. బయటిది ఎవరు తిట్టడానికి?

ఎలా చెయ్యాలో రాశాను కదా. టివా తర్వాత. కుడి చెయ్యి. అరచెయ్యి పూర్తిగా ఆనించాలి. ఒక ఊపిరి. వెళ్ళి చెయ్యి, బిళ్ళని న్యార్కోకి పోనివ్వకు.

సపొమా


బంతామ
ఏప్రిల్ 18

అక్కా,

చూశావా, అక్కా అని రాశాను. ఉత్తరం జేబుకి పిన్నీసుతో సహా చేరింది. డ్రైవర్ తీయలేకపోయాడు, చొక్కానే విప్పి ఇచ్చాడు.

నేనూ ఒకటి దాచాను. నువ్వు చెప్పావు కాబట్టి నేనూ చెబుతాను, నీ ఒక్కదానికే పుణ్యం ఎందుకు? పెద్దాయన మొదటిరోజు “నీకన్నా పెద్దవాళ్ళు ఉన్నారా?” అని కూడా అడిగాడు. అక్క ఉంది అన్నాను. “తీసుకురాగలవా?” అన్నాడు. మంచం పట్టింది, మనుషుల్ని గుర్తుపట్టడం లేదు అన్నాను. నువ్వు కోకో కాయలు కొడుతూ ఉండగా ఆ మాట అన్నాను. నువ్వొస్తే అందరూ నీ వైపే తిరుగుతారని నాకు తెలుసు. ఇంట్లో ఉండి పాత్రలు తోమినదాన్ని నేను, పేర్లు మాత్రం నీవి. జీవితమంతా నేను వీధిలోంచి ఆ పొయ్యి వైపు చూస్తూనే ఉన్నాను.

నీ ఉత్తరం చదివి అద్దం ముందు నేల మీద కూచుని చేసి చూసుకున్నాను. సెర్వా వచ్చి “నానమ్మా, ఏం పడిపోయింది?” అంది. ఇక రాజభవనానికి వెళ్ళాను, నేనే చేసేసి నేనే గెలుద్దామని. ముందు న్యార్కో చెప్పింది, మళ్ళీ ఏడు పేర్లు, ఊపిరి కూడా లేకుండా. పెద్దాయన ఏడు రాళ్ళూ పెట్టి, మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత నేను. బ్రెఫి, అజేయివా, టివా. చెయ్యి పెట్టాను. తర్వాత డుఫియే, ఫొరివా, టచివా అని ముగించాను. పెద్దాయన ఏడో రాయిని టివాకీ డుఫియేకీ మధ్య పెట్టి, దాని మీద వేలు ఉంచాడు.

న్యార్కో “అక్కడ పేరేదీ?” అంది.

“నువ్వు కూచోమ్మా,” అన్నాడు. “పేరు ఉన్నచోట పేరు చెబుతారు. లేనిచోట ఆగడం వచ్చినవాళ్ళదే ఈ ఇల్లు.”

నా గుండె పొంగింది, అక్కా. ఆ తర్వాత నా చెయ్యి వైపు చూశాడు. “ఈ చెయ్యి కాగితం చూసి నేర్చుకుంది. పైపైన ఆనింది. మనిషిని చూసి నేర్చుకున్న చెయ్యి వేరుగా ఉంటుంది. ఆవిణ్ణి తీసుకురా.”

“మంచాన ఉందయ్యా” అన్నాను, సిగ్గులేకుండా.

“ఆ మంచంలోనే మోసుకురండి,” అన్నాడు. నవ్వాడు ముసలాయన. అంతా తెలిసిపోయింది.

నాకు ఇప్పటికీ మంటగానే ఉంది, అబద్ధం ఎందుకు. ఎర్ర బట్ట ఉతికి ఎండేశాను, నీకు. అమ్మమ్మ పీట నువ్వెళ్ళిన రోజు నుంచీ గోడ పక్కన వాల్చే ఉంది. నేను కూచోలేదని రాద్దామనుకున్నాను. కూచున్నాను, మూడుసార్లు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు. లేచినప్పుడు వాల్చాను, నీ మీద ఒట్టు. ఇప్పుడు తుడిచి పెట్టాను. నువ్వు వచ్చి కూచుంటావు. నీ వెనక నేను నిలబడి, పెద్దాయన ఏమన్నాడో నీ కుడి చెవిలో అరుస్తాను. అరవడం నాకు బాగా వచ్చు.

రా. అక్వాసిడేకి ముందు ఏ రోజు వస్తావో రాయి.

నీ చెల్లెలు బిరాగో


మిమ్,
ఏప్రిల్ 27

చెల్లీ,

మంచం పట్టానన్నావు! పైనుంచి ఎవరైనా ఆ మాట విని నిజం చేస్తే? నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి పొద్దున లేవగానే ముందు కాళ్ళు కదిలించి చూసుకుంటున్నాను. నోటికి వచ్చినదల్లా అనకూడదే పిచ్చిదానా.

నేను ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివాను. ‘ఆవిణ్ణి తీసుకురా’ అన్నచోట ఎక్కువసేపు ఉన్నాను.

కానీ ఎన్ని చిక్కులున్నాయో చూడు. కోళ్ళకి గింజలు ఎవరు వేస్తారు? డ్రైవర్ పెళ్ళాం వేస్తానంది, గుడ్లు తీసుకుంటుంది, తీసుకోనీ. బండి తేపా దగ్గర చెడిపోతే? చెవిటిదాన్ని దింపేసి వెళ్ళిపోతే? అక్కడ ఢోళ్ళు మోగినప్పుడు నాకు వినపడకపోతే? అవి నేల మీద నుంచి అరికాళ్ళకి తెలుస్తాయిలే, చిన్నప్పుడు తెలిసేవి. వంగి చెయ్యి పెట్టాక నడుము పట్టేస్తే లేపడానికి నువ్వు దగ్గరే ఉండాలి. దూరంగా నిలబడి అందంగా కనపడాలని చూడకు. ఇంకో మాట, ఎర్ర బట్ట నాకిస్తానన్నావు, నువ్వు దానికన్నా మెరిసేది కట్టుకోవద్దు. ఆకుపచ్చది ఉంది కదా, అది చాలు నీకు.

సెర్వాని నా ఎదురుగా కూచోబెట్టు. వీధిలోకి పంపకు. ఆ పిల్ల నా చెయ్యి చూడాలి. నువ్వూ పక్కనే కూచో, ఈసారి “వెళ్ళి ఆడుకో పో” అనేవాళ్ళెవరూ లేరు.

నత్తలు పట్టిస్తున్నాను, రెండు అరటి గెలలు, చేమాకు, నిమ్మకాయలు తెస్తున్నాను. నిమ్మకాయలు నీకే.

గురువారం బయలుదేరను, అది భూమి తల్లి రోజు. మర్నాడు బయలుదేరతాను, నేను పుట్టిన వారమే. పొద్దున మొదటి బండి. మే పదో తేదీ, శుక్రవారం.

అక్క సపొమా